పొయ్యి మంటతో బ్యాటరీ: చిన్న స్టర్లింగ్ ఇంజన్ ఎంతవరకు ఆదుకుంటుంది?

తుఫాను దాటిపోయిన ఊళ్లో కరెంటు తిరిగి రావడానికి వారం పట్టొచ్చు. పొయ్యి మాత్రం ఆ సాయంత్రమే వెలుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కుదిపేసినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసినప్పుడు జనం పడ్డ అగచాట్లలో ఫోన్ ఛార్జింగ్ ఒకటి. అయినవాళ్లు ఎలా ఉన్నారో తెలియాలన్నా, సాయం ఎక్కడ పంచుతున్నారో తెలియాలన్నా, అంబులెన్సును పిలవాలన్నా ఆ ఫోనే దిక్కు. ఎవరింట్లోనైనా జనరేటర్ ఉందంటే అక్కడ ఛార్జర్లు పట్టుకుని వరస కట్టేవారు. మరి అదే వీధిలో వండుకుంటున్న పొయ్యిల్లో మంట ఉంది కదా, ఆ వేడిలో కాస్త కరెంటుగా మారితే చాలదా? ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు స్టర్లింగ్ ఇంజన్. మంట ఏదైనా సరే, సిలిండరుకు బయటి నుంచి తగిలితే చాలు, చప్పుడు లేకుండా తిరుగుతుంది. కాగితం మీద ఇంతకన్నా తగిన యంత్రం ఉండదు. అయినా గత ఎనభై ఏళ్లలో ఎంతోమంది సమర్థులు ప్రయత్నించినా ఇది మన ఇళ్లలోకి ఎందుకు రాలేదో, వస్తే ఎక్కడికి రావాలో తేల్చుకోవాలి.

ముందు యంత్రం సంగతి. స్కాట్లండ్‌లో చర్చి పాస్టరుగా పనిచేసిన రాబర్ట్ స్టర్లింగ్ 1816లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మూసి ఉన్న సిలిండరులో గాలి ఉంటుంది. ఒక కొస వేడిగా, మరో కొస చల్లగా ఉంచుతారు. డిస్‌ప్లేసర్ అనే వదులైన పిస్టన్ గాలిని ఈ కొస నుంచి ఆ కొసకు నెడుతూ ఉంటుంది. గాలి వేడి కొసకు చేరినప్పుడు ఒత్తిడి పెరిగి అసలు పిస్టన్‌ను బయటికి తోస్తుంది, చల్లని కొసకు వెళ్లినప్పుడు ఒత్తిడి తగ్గి పిస్టన్ వెనక్కి వస్తుంది. లోపలి గాలి ఎప్పుడూ బయటికి పోదు. పేలుడు లేదు, వాల్వులు లేవు, పొగగొట్టంలోంచి ఫట్‌ఫట్‌మనే శబ్దం లేదు. స్టర్లింగ్ అసలు ప్రతిభ మరో భాగంలో ఉంది. గాలి వేడి వైపు నుంచి చల్లని వైపుకు వెళ్లే దారిలో సన్నని లోహపు జాలీ పెట్టి, పోతూ పోతూ గాలి తన వేడిని అందులో వదిలేలా, తిరిగి వస్తూ తీసుకునేలా చేశాడు. రీజనరేటర్ అని ఇప్పుడు పిలిచే ఆ జాలీ లేకపోతే వేడిలో ఎక్కువ భాగం ప్రతి చుట్టులోనూ వృథా అవుతుంది. ఇంట్లో చేసిన చిన్న ఇంజన్లలో సాధారణంగా కనిపించని భాగం ఇదే. 1843లో డండీ ఫౌండ్రీలో స్టర్లింగ్ సోదరులు పెట్టిన పెద్ద ఇంజను కొన్నేళ్లు పనిచేసి, వేడి కొస ఇనుము తట్టుకోలేక ఆగిపోయింది. వేడి కొస లోహం అనే ఆ చిక్కు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

ఆ తర్వాత ఈ కోవకు చెందిన వేడిగాలి ఇంజన్లు నీళ్లు తోడడానికి వేల సంఖ్యలో అమ్ముడుపోయాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కిరసనాయిలు దీపం వేడితో తిరిగే బల్ల ఫ్యాన్లు మన దేశంలోనూ అమ్మారు. ఊరికి కరెంటు వచ్చాక అవి అటకెక్కాయి.

ఐండ్‌హోవెన్‌లో ఏం జరిగింది

మన ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు చెందిన ఫిలిప్స్ కంపెనీది. 1930ల చివర్లో వాళ్ల ఇబ్బంది చాలా మామూలుది. రేడియోలు తయారు చేస్తున్నారు, కరెంటు లేని దేశాల్లో వాటిని ఎలా అమ్మాలి? అప్పటి వాల్వు (వాక్యూమ్ ట్యూబు) రేడియోలు బ్యాటరీలను త్వరగా తినేసేవి. పెట్రోలు జనరేటర్ పెడితే దాని చప్పుడులో రేడియో వినపడదు, పైగా స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వలు రేడియోలో గరగరలాడతాయి. కిరసనాయిలుతో, నిశ్శబ్దంగా, స్పార్కు లేకుండా తిరిగే యంత్రం కావాలి. వెతికి వెతికి దాదాపు మరుగునపడిన వేడిగాలి ఇంజను దగ్గరికి వచ్చారు. యుద్ధకాలంలో జర్మన్ల ఆక్రమణలో కూడా ఆ పరిశోధన సాగింది.

ఫలితం అద్భుతంగా వచ్చింది. వేడి తట్టుకునే కొత్త స్టీళ్లు, సన్నని తీగల రీజనరేటర్, లోపలి గాలిని ఒత్తిడితో నింపడం, ఈ మూడూ కలిసి వందేళ్ల పాత యంత్రాన్ని ఎన్నో రెట్లు చిన్నది, బలమైనది చేశాయి. 1950ల మొదట్లో ఎంపీ1002సీఏ అనే సెట్టు తయారైంది. కిరసనాయిలు పోసి వెలిగిస్తే సుమారు 200 వాట్ల కరెంటు ఇచ్చేది. ఒక మనిషి అటూ ఇటూ మోసుకుపోగల పెట్టె. ఇవాళ దొరికినా ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి అత్యవసర దీపాలు, రేడియో, ఫోన్లు అన్నిటికీ సరిపోతుంది.

అలాంటివి 150 దాకా తయారు చేసి ఆపేశారు. చేతి పని, మంచి లోహం కలిసి ధర బాగా పెరిగింది. అంతకన్నా పెద్ద కారణం, 1947లో పుట్టిన ట్రాన్సిస్టరు. వాల్వుల స్థానంలోకి అది రాగానే రేడియోకు వందల వాట్ల జనరేటర్ అక్కర్లేకపోయింది, టార్చిలైటు బ్యాటరీలు చాలు. మిగిలిన సెట్లు విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలకు చేరాయి. ఫిలిప్స్ అదే సూత్రాన్ని తిరగేసి, గాలిని ద్రవంగా మార్చే శీతలీకరణ యంత్రాలుగా 1950ల నడుమ నుంచి అమ్మి లాభపడింది.

నేను ఈ కథను పదేపదే గుర్తు చేసుకుంటాను. ఇంజను అనుకున్నట్టే పనిచేసింది. అది తీర్చాల్సిన అవసరం దాని కళ్ల ముందే చిన్నదైపోయింది. మన కాలంలోనూ సరిగ్గా అదే జరుగుతోంది. ఎల్ఈడీ దీపాలు, ఫోన్లు, లిథియం బ్యాటరీలు వచ్చాక అత్యవసరంలో ఒక ఇంటికి కావలసిన కరెంటు ఎంతో తగ్గిపోయింది. కాబట్టి అసలు ఎంత కావాలో ముందు లెక్క కట్టాలి.

ఎంత కావాలి, ఎంత వస్తుంది

ఇప్పటి మామూలు ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్. అంటే దాదాపు 19 వాట్-అవర్లు. కష్టకాలంలో పొదుపుగా వాడితే రోజుకు సగం చాలు. ఇంటికి రెండు ఫోన్లు, రాత్రికి ఐదు గంటలు వెలిగే 3 వాట్ల దీపం ఒకటి, వార్తలకు చిన్న రేడియో, అన్నీ కలిపితే రోజుకు 40 వాట్-అవర్లు. ఛార్జింగ్‌లో పోయేది కలిపి 60 అనుకుందాం. రోజంతా వంట మూడు గంటలు సాగితే, ఆ మూడు గంటల్లో 20 వాట్లు వచ్చే యంత్రం కావాలి. ఇది చాలా చిన్న సంఖ్య. పాతకాలపు ఒక ట్యూబ్‌లైటులో సగం.

ఇప్పుడు స్టర్లింగ్ వైపు నుంచి చూద్దాం. స్టర్లింగ్ ఇంజను బలాన్ని అంచనా వేయడానికి ఇంజనీర్లు వాడే సులువైన లెక్క ఒకటుంది. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం బీల్ పేరుతో దాన్ని పిలుస్తారు. లోపలి గాలి ఒత్తిడి, పిస్టన్ కదిలే ఘనపరిమాణం, సెకనుకు చుట్లు, ఈ మూడింటిని గుణించి వచ్చినదాన్ని మంచి ఇంజనుకైతే 0.15తో హెచ్చవేస్తే వాట్లు వస్తాయి. వర్క్‌షాపులో చేసిన మామూలు ఇంజనుకు అందులో మూడో వంతు, అంటే 0.05, వస్తే సంతోషించాలి. 20 వాట్ల కరెంటు చేతికి రావాలంటే డైనమో నష్టాలు పోను ఇరుసు దగ్గర 30 వాట్లు ఉండాలి. మామూలు గాలి ఒత్తిడితో, నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనుకు అప్పుడు 600 సీసీ పిస్టన్ కావాలి. అంటే బుల్లెట్ బండి ఇంజను కన్నా పెద్దది, రెండు ఫోన్లు, ఒక దీపం కోసం!

నెట్టింట అమ్ముతున్న గాజు సిలిండరు బొమ్మ ఇంజన్లలో పిస్టన్ ఘనపరిమాణం కొన్ని సీసీలు మాత్రమే. 5 సీసీ అనుకుని, అత్యుత్తమంగా చేశారనే అనుకుని లెక్క కట్టినా ఒక వాటుకు అటూ ఇటూ వస్తుంది. నిజంగా వచ్చేది అందులో కొద్ది భాగమే. వాటికి చిన్న మోటారు తగిలించి ఎల్ఈడీ వెలిగించి చూపే వీడియోలు లక్షల మంది చూశారు. ఎల్ఈడీ వెలగడానికి 0.05 వాట్లు చాలు. ఫోన్ నెమ్మదిగా ఛార్జి కావడానికి 5 వాట్లు కావాలి. ఆ రెండింటి మధ్య వంద రెట్ల దూరం ఉంది. ఇది ఆ బొమ్మలను తక్కువ చేయడం కాదు. పిల్లలకు ఉష్ణగతిశాస్త్రం చెప్పడానికి వాటిని మించినవి లేవు. క్రొయేషియాకు చెందిన ఐవో కొలిన్ 1983లో వేడి నీళ్ల మీద తిరిగే ఇంజను చూపినప్పుడు, ఆ తర్వాత 1990లో అమెరికన్ ఆచార్యుడు జేమ్స్ సెన్ఫ్ట్ అర డిగ్రీ తేడాతో తిరిగే ఇంజను చేసినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కానీ తిరగడం వేరు, మోయడం వేరు. టీ కప్పు మీద తిరిగే ఇంజను తన రాపిడిని తాను గెలిచి నిలబడుతుంది, అంతే. దాని మీద భారం వేస్తే ఆగిపోతుంది.

వేడి తేడా ఎందుకంత ముఖ్యమో కూడా ఇక్కడే చెప్పాలి. మరిగే నీళ్ల ఆవిరి 95 డిగ్రీల దగ్గర, మన ఊరి గాలి 35 డిగ్రీల దగ్గర ఉంటే, ఏ లోపమూ లేని ఆదర్శ యంత్రానికి సైతం 16 శాతం మించి రాదు. అసలు యంత్రానికి అందులో చిన్న భాగమే. అదే వేడి కొసను 500 డిగ్రీలకు తీసుకెళ్తే ఆదర్శ పరిమితి 60 శాతానికి చేరుతుంది. మంటతో నడిచే మంచి చిన్న ఇంజను, పొయ్యి నష్టాలతో సహా, 5 నుంచి 10 శాతం ఇస్తే గొప్పే. అంటే వేడి నీళ్లు, ఎండ వేడి, టీ గ్లాసు లాంటి ఊహలను అత్యవసరం చర్చ నుంచి పక్కన పెట్టేయొచ్చు. ఎర్రగా కాలే కొస ఉంటేనే పని.

600 సీసీని తగ్గించే దారి ఒత్తిడి. లోపలి గాలిని అయిదు రెట్ల ఒత్తిడికి నింపితే 120 సీసీ చాలు, అంటే చిన్న బైకు ఇంజనంత. ఫిలిప్స్ నేర్పిన పాఠం ఇదే. కానీ ఒత్తిడి పెంచిన క్షణం నుంచి ఇది ఇంటి పనిముట్టు కాకుండా పోతుంది. ఎర్రగా కాలిన లోహం లోపల అయిదు రెట్ల ఒత్తిడి ఉంటే, అతుకు సరిగా లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇరుసు బయటికి వచ్చే చోట గాలి లీకవుతూ ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న వేడి గాలికి కందెన నూనె తగిలితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే పెద్ద సంస్థలు హీలియం లేదా నైట్రోజన్ నింపి, ఇరుసు బయటికి రాకుండా డైనమోను కూడా లోపలే పెట్టి సీలు వేస్తాయి. విలియం బీల్ 1960లలో కనిపెట్టిన ఫ్రీ-పిస్టన్ ఇంజను ఈ దిశలో పెద్ద అడుగు. అందులో క్రాంకు లేదు, ఇరుసు లేదు, పిస్టన్ గ్యాసు మీదే ఊగుతూ అయస్కాంతాన్ని కదిలిస్తుంది. ఏళ్ల తరబడి ముట్టుకోకుండా నడుస్తుంది. కానీ దాన్ని ఊళ్లో లేత్ మిషన్ మీద చేయలేరు, చెడిపోతే ఊళ్లో బాగు చేయలేరు.

చల్లని కొస బరువు

ఈ యంత్రాల గురించి రాసేవాళ్లు మంట గురించి రాసినంతగా చల్లదనం గురించి రాయరు. నా దృష్టిలో చిన్న స్టర్లింగ్ ఇంజను ఓడిపోయేది చల్లని కొస దగ్గరే. 20 వాట్ల కరెంటు కోసం 5 శాతం సామర్థ్యంతో 400 వాట్ల వేడి ఇవ్వాలి. అందులో కొంత పొగలో పోయినా 300 వాట్లు చల్లని కొస నుంచి బయటికి వెళ్లాలి. గాలికి వదిలేస్తే రెక్కలున్న పెద్ద అల్యూమినియం దిమ్మ కావాలి, అది కూడా పొయ్యి పక్కనే, పొయ్యి సెగలోనే ఉంటుంది. పది లీటర్ల బకెట్టు నీళ్లతో చల్లబరిస్తే గంటలో ఆ నీళ్లు 30 డిగ్రీల నుంచి 55 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. రెండో గంటలో ఇంజను నీరసిస్తుంది. నీళ్లు మారుస్తూ ఉండాలి.

ఒకరకంగా చూస్తే ఇది దోషం కాదు, వరం. ఆ వేడెక్కిన నీళ్లు బాలింతకు, వృద్ధులకు, గిన్నెలు కడుక్కోవడానికి కావలసినవే. ఇక్కడ ఇంజను అసలు స్వభావం తెలుస్తుంది. ఇది వేడిని ఎక్కువగా, కరెంటును కొంచెంగా ఇచ్చే యంత్రం. రెండూ అవసరమైన చోటే దానికి న్యాయం జరుగుతుంది.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం పరిశోధన నుంచి పుట్టిన విస్పర్‌జెన్ అనే స్టర్లింగ్ జనరేటర్ తయారీదారులు ఈ సంగతిని ముందే పసిగట్టారు. దాని తొలి మోడలు సముద్రంలో తిరిగే పడవల కోసం. డీజిలుతో నడిచి, పడవలోని 12 లేదా 24 వోల్టుల బ్యాటరీలను సుమారు 750 వాట్లతో నింపుతూ, దానికి ఏడెనిమిది రెట్లు వేడిని పడవ గదులకు, స్నానాల నీళ్లకు ఇచ్చేది. చలి సముద్రంలో రాత్రిపూట చప్పుడు లేని జనరేటర్ కన్నా ఆ వేడే ఎక్కువ విలువైనది. తర్వాత యూరప్ ఇళ్ల కోసం పెద్ద ఎత్తున చేయబోయి నిలదొక్కుకోలేదు. కానీ పడవ మోడలు చిన్న స్టర్లింగ్ ఇంజను బ్యాటరీ ఛార్జరుగా నిజంగా అమ్ముడైన అరుదైన ఉదాహరణ. ఇంకా పెద్దది చూడాలంటే స్వీడన్ గోట్‌లాండ్ తరగతి జలాంతర్గాములు. 1996 నుంచి అవి నీటి అడుగున 75 కిలోవాట్ల స్టర్లింగ్ ఇంజన్లతో, డీజిలును ద్రవ ఆక్సిజన్‌తో మండిస్తూ, పైకి రాకుండా వారాల తరబడి ఉండగలుగుతున్నాయి. చుట్టూ చల్లని సముద్రం ఉంది కాబట్టి చల్లని కొస బాధ వాటికి లేదు.

మన వాతావరణానికి దగ్గరగా వచ్చిన ప్రయత్నాలు రెండు చెప్పాలి. 1980లలో ఒహాయోలో రూపొందిన ఎస్‌టీ-5 అనే అయిదు హార్స్‌పవర్ తరగతి ఇంజనును మద్రాసులోనూ తయారు చేశారు. ధాన్యం ఊక, కట్టె లాంటివి నేరుగా మండించి నడపడం దాని ఉద్దేశం. బరువైన, నిదానంగా తిరిగే, మామూలు కార్ఖానాలో బాగు చేసుకోగల యంత్రం. డీజిలు ఇంజన్లు అంతకన్నా చవకగా ఊరూరా దొరుకుతున్నప్పుడు అది నిలవలేకపోయింది. మరొకటి అమెరికన్ ఆవిష్కర్త డీన్ కామెన్ చేసినది. గ్రామీణ్ ఫోన్ స్థాపకుడు ఇక్బాల్ ఖాదిర్‌తో కలిసి 2000ల నడుమ బంగ్లాదేశ్‌లో రెండు ఊళ్లలో, ఆవు పేడ గ్యాసుతో కిలోవాటు తరగతి స్టర్లింగ్ జనరేటర్లను నెలల తరబడి నడిపించారు. యంత్రం నడిచింది, ఊళ్లో దీపాలు వెలిగాయి. ధర దిగి రాలేదు. ఈలోగా సౌర పలకల ధర పడిపోయింది, బంగ్లాదేశ్ పల్లెల్లో లక్షల ఇళ్ల మీదికి పలకలే ఎక్కాయి.

డైనమో దగ్గర పోయేది

ఇంజను తిరిగిందనుకుందాం. ఇక్కడా చాలా ప్రయోగాలు తడబడతాయి. పాత ప్రింటరులోంచి తీసిన చిన్న డీసీ మోటారును డైనమోగా వాడటం అందరూ చేసేదే. 12 వోల్టులకు 3,000 చుట్లు తిరిగే మోటారును 600 చుట్లు తిప్పితే 2.4 వోల్టులే వస్తుంది. బెల్టు వేసి వేగం పెంచితే ఆ బెల్టు రాపిడే ఇంజను బలంలో పెద్ద వాటా తినేస్తుంది. తక్కువ వేగంలోనే వోల్టేజీ ఇచ్చే స్టెప్పర్ మోటారు, సైకిల్ చక్రం ఇరుసులో ఉండే హబ్ డైనమో, ఎలక్ట్రిక్ సైకిల్ హబ్ మోటారు లాంటివి మేలు. ఏసీని డీసీగా మార్చే డయోడ్లలో మామూలు సిలికాన్ డయోడ్ ఒక్కొక్కటి 0.7 వోల్టు మింగుతుంది. 5 వోల్టుల పనిలో రెండు డయోడ్లు అంటే నాలుగో వంతుకు పైగా అక్కడే పోతుంది. షాట్కీ డయోడ్లు వాడితే ఆ నష్టంలో సగం మిగులుతుంది.

నేరుగా ఫోన్ తగిలించడం ఇంకో పొరపాటు. ఫోన్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఇంజను వేగం పడిపోతుంది, వోల్టేజీ దిగుతుంది, ఫోన్ ఛార్జింగ్ ఆపేస్తుంది. భారం పోగానే ఇంజను మళ్లీ పరుగెడుతుంది, ఫోన్ మళ్లీ లాగుతుంది. ఈ ఆటలో బ్యాటరీ ఒక్క శాతం కూడా ఎక్కదు. నడుమ యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి పెట్టి, ఇంజను దాన్ని నింపుతూ ఉంటే, ఫోన్లు దాని నుంచి నింపుకోవాలి. లెడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే దానికి 13.8 వోల్టుల దాకా అందాలి కాబట్టి వోల్టేజీ పెంచే కన్వర్టర్ తప్పనిసరి. ఆ కన్వర్టర్ ఇంజను ఓపికను బట్టి భారాన్ని సర్దుకునేలా ఉండాలి. ఇంజను ఆగిపోయే అంచుకు కొద్దిగా ఇవతల ఎక్కువ వాట్లు వచ్చే చోటు ఒకటుంటుంది. ఆ చోటును పట్టి ఉంచడమే సౌర పలకల కంట్రోలర్లు చేసే పని.

పోటీదారులు

20 వాట్ల లోపు రంగంలో స్టర్లింగ్‌కు మొదటి ప్రత్యర్థి కదిలే భాగమే లేని థర్మోఎలక్ట్రిక్ పలక. ఒక వైపు వేడి, మరో వైపు చలి తగిలితే నేరుగా కరెంటు ఇస్తుంది. సోవియట్ యూనియన్‌లో 1950లలో కిరసనాయిలు దీపం గాజు చుట్టూ ఇలాంటి పలకల వలయం పెట్టి వాల్వు రేడియోను నడిపారు. దీపం వెలుతురుకు వెలుతురు, రేడియోకు కరెంటు. ఫిలిప్స్ 200 వాట్లతో తలపడిన సమస్యనే వీళ్లు కొద్దిపాటి వాట్లతో దాటేశారు. ఇప్పుడు విదేశాల్లో దొరికే బయోలైట్ పొయ్యి కూడా ఇదే పద్ధతిలో పుల్లల మంట నుంచి 3 వాట్లు ఇస్తుంది. సామర్థ్యం నాలుగైదు శాతం దాటదు, ఎక్కువ వేడి తగిలితే పలక అతుకులు కరుగుతాయి. అయినా ఏళ్ల తరబడి అటకమీద పడేసి తీసినా మొదటి రోజులాగే పనిచేస్తుంది. అయిదు వాట్ల అవసరానికి స్టర్లింగ్ వైపు చూడటంలో అర్థం లేదని దీంతోనే తేలిపోతుంది.

రెండో ప్రత్యర్థి సౌర పలక. తుఫాను మబ్బుల్లో అది పదో వంతుకు పడిపోతుంది, నిజమే. కానీ తీరం దాటిన రెండు మూడు రోజుల్లో తరచు ఎండ వస్తుంది. ఆ రెండు మూడు రోజులకు ముందే నింపి పెట్టుకున్న 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఫోన్లకు సరిపోతుంది. దాంట్లో 70 వాట్-అవర్లకు పైగా ఉంటాయి. మూడో ప్రత్యర్థి వీధిలో నిలబెట్టిన మోటారు సైకిలు. యూఎస్‌బీ సాకెట్టు పెట్టించుకుంటే రెండు ఫోన్లు తేలిగ్గా ఎక్కుతాయి. పట్టణాల్లో చాలా ఇళ్లలో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ మరొకటి. 150 ఏహెచ్ బ్యాటరీలో నిండుగా 1,800 వాట్-అవర్లు ఉంటాయి. ఫ్యాన్లు కట్టేసి ఫోన్లకు, ఒక దీపానికి మాత్రమే వాడితే వారం దాటుతుంది. ఫ్యాను వేయకుండా ఉండగలగడమే కష్టం.

వీటన్నిటికీ తోడు, మొదట్లో వేసుకున్న ఊహను కూడా పరీక్షించాలి. మంట నిజంగా ఉంటుందా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు జనం మేడల మీద రోజుల తరబడి చిక్కుకున్నారు. వంట గదులు నీళ్లలో ఉన్నాయి. డ్రోన్లతో, హెలికాప్టర్లతో ఆహారం జారవిడిచారు. పొయ్యే లేని చోట పొయ్యి ఇంజను ఏం చేస్తుంది? అలాంటి వరదలో జేబులోని పవర్ బ్యాంకు తప్ప మరేదీ ఆదుకోదు. ఉద్దానం పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. తిత్లీ తర్వాత అక్కడ కూలిన కొబ్బరి చెట్లు, మట్టలు, పీచు నేలంతా పరుచుకుని ఉన్నాయి. కొన్ని పల్లెలకు కరెంటు రావడానికి రోజుల మీద రోజులు పట్టింది. ఇంధనం కళ్ల ముందు, కరెంటు కనుచూపు మేరలో లేదు. స్టర్లింగ్ ఇంజనుకు ఇంతకన్నా సరైన చోటు ఉండదు. అంటే ఈ యంత్రం అన్ని ఆపదలకూ మందు కాదు. గాలి తుఫానుకు, భూకంపానికి, కొండ ఊళ్లలో లైను తెగిపోవడానికి పనికొస్తుంది, వరదకు పనికిరాదు.

ఎక్కడ పెట్టాలి

ఇంటింటికీ ఒక స్టర్లింగ్ ఛార్జరు అనే ఆలోచనను నేను సమర్థించలేను. 20 వాట్ల స్థాయిలో దాని బరువు, ధర, చల్లని నీళ్ల బెడద అన్నీ ప్రత్యర్థుల కన్నా ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, ఏడాదికి ఒకసారి మాత్రమే బయటికి తీసే కదిలే యంత్రాన్ని నమ్మలేం. పిస్టన్ తుప్పు పడుతుంది, సీలు ఎండిపోతుంది, నింపిన ఒత్తిడి నెమ్మదిగా కారిపోతుంది. తుఫాను రాత్రి దాన్ని విప్పి బాగు చేసే తీరిక, వెలుతురు ఎవరికీ ఉండవు. ఆ రోజు పనిచేయాలంటే దానికి ముందు రోజు కూడా పనిచేసి ఉండాలి.

అందుకే నా ఆశ రోజూ పెద్ద పొయ్యి వెలిగే చోట్ల మీద ఉంది. గురుకుల పాఠశాలల వంటశాలలు, ఆలయాల అన్నప్రసాద శాలలు, ఊరి పెద్ద హోటళ్లు. తీరప్రాంతంలో ఆపద వేళ జనం తలదాచుకునేవి పాఠశాలలే, భోజనాలు వండి పెట్టేదీ వాటి వంటశాలల్లోనే. అలాంటి పొయ్యి పక్కకు ఫిలిప్స్ సెట్టు పరిమాణంలో, 200 వాట్ల ఇంజను ఒకటి చేరిస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. 10 శాతం సామర్థ్యంతో దానికి 2 కిలోవాట్ల వేడి చాలు. అంత పొయ్యిలో అది పెద్ద లోటు కాదు. చల్లని కొస నుంచి వచ్చే వేడి మూడు గంటల్లో వంద లీటర్ల నీళ్లను 65 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. హాస్టల్లో ఆ నీళ్లు రోజూ కావలసినవే కాబట్టి, కరెంటు పోని రోజుల్లోనూ ఇంజను ఊరికే ఉండదు. రోజుకు ఆరు గంటలు నడిస్తే 1,200 వాట్-అవర్లు. నష్టాలు తీసేసినా నలభై ఫోన్లకు పైగా పూర్తిగా ఎక్కుతాయి. లేదా రాత్రంతా హాలులో దీపాలు, నర్సు చేతిలోని నెబ్యులైజరు నడుస్తాయి.

ఇంత పరిమాణంలో మంచి ఇంజన్లు ప్రపంచంలో లేవని కాదు. బీల్ వారసత్వంగా వచ్చిన కిలోవాటు ఫ్రీ-పిస్టన్ ఇంజన్లు బ్రిటన్‌లో ఇళ్ల బాయిలర్లలో వాడారు. అమెరికాలో క్యూనర్జీ అనే సంస్థ కొన్ని కిలోవాట్ల ఇంజన్లను మనుషులు వెళ్లని గ్యాసు బావుల దగ్గర నిలబెడుతోంది. అవి మన వంటశాలల ధరకు దొరకవు, మన కట్టెల మసి తట్టుకునేలా చేసినవీ కావు. వేడి కొస మీద పేరుకునే మసి, బూడిద కట్టె పొయ్యికి ప్రత్యేకమైన ఇబ్బంది. గీకి శుభ్రం చేయడానికి వీలుగా కొస నున్నగా, వెడల్పుగా ఉండాలి. అంటే కొంత సామర్థ్యం వదులుకోవాలి. గ్యాసు పొయ్యి ఉన్న వంటశాలలో మొదలుపెట్టడం తేలిక. అయితే ఏ ఇంధనమైనా మూసిన గదిలో పెట్టకూడదు. చప్పుడు లేదు కదా అని తలుపులు వేసుకుంటే, పెట్రోలు జనరేటర్ లాగే దీని మంట కూడా కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం తీయగలదు. నిశ్శబ్దం వల్ల జనం ఏమరుపాటుగా ఉండే అవకాశం ఇంకా ఎక్కువ.

ఇది ఇంజనీరింగ్ కళాశాలలు పట్టుకోదగిన పని. ఏటా ఎన్నో ప్రాజెక్టుల్లో స్టర్లింగ్ ఇంజన్లు తయారవుతూనే ఉన్నాయి. అవి తిరిగిన వీడియో తీసి, నివేదికలో నిమిషానికి చుట్లు రాసి ఊరుకుంటే మనకు ఏమీ తెలియదు. తెలిసిన రెసిస్టరును భారంగా పెట్టి, ఒక పూర్తి గంటలో ఎన్ని వాట్-అవర్లు బ్యాటరీలోకి చేరాయో, ఎంత గ్యాసు లేదా కట్టె ఖర్చయిందో, చల్లని నీళ్లు ఎన్ని డిగ్రీలు పెరిగాయో రాయాలి. ఆ తర్వాత ఇంజనును ఆరు నెలలు మూల పెట్టి, అక్టోబరులో ఏమీ విప్పకుండా మళ్లీ వెలిగించి అదే కొలత తీసుకోవాలి. రెండో కొలత మొదటిదానిలో ఎంత శాతం ఉందో ఆ సంఖ్య చెప్తేనే, తీరం వెంబడి వంటశాలలకు దీన్ని సిఫారసు చేయాలో వద్దో జిల్లా అధికారులు నిర్ణయించగలరు.